ప్రజోపయోగ భవనాల ప్రవేశ ద్వారాలలో వికలాంగులకు సౌకర్యాలు – నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం

(ప్రత్యేక వ్యాసం)

నిజామాబాద్: మూడు మెట్లు, ఒక్కొక్కటి 6 అంగుళాల ఎత్తు. సాధారణమైన కార్యాలయ భవనం ముందు కనిపించే ఎత్తు ఇంతే. వర్షపు నీరు లోనికి రాకుండా ఉండుటకు, తేమ నుండి, చెదల నుండి గోడలను కాపాడుటకు భవనాన్ని నేలమట్టానికి పైన కట్టడం అవసరమే. నడవగలిగిన వ్యక్తి ఈ మూడు మెట్లను లెక్కించకుండానే ఎక్కి లోనికి వెళ్తాడు. చేతితో త్రిప్పే మూడు చక్రాల బండిపై గ్రామం నుండి వచ్చిన వ్యక్తికి మాత్రం ప్రయాణం అక్కడితో ఆగిపోతున్నది. ఆ తరువాత ఎవరైనా ఎత్తుకొని లోనికి తీసుకొనిపోవాలి, లేదా చేతులపై ప్రాకుతూ మెట్లు ఎక్కాలి, లేదా గుమాస్తా బయటికి వచ్చి మెట్ల క్రిందనే దరఖాస్తు తీసుకోవాలి.

చివరి పద్ధతి దయతో జరిగే పని. ఆ గుమాస్తాను తప్పు పట్టవలసినది లేదు. అయితే ఆ రోజు ఆయన సెలవులో ఉన్నచో దరఖాస్తు కూడ మెట్ల క్రిందనే ఉండిపోతుంది. పింఛను, వైకల్య ధ్రువపత్రం, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఓటు – ఇవన్నీ ఏదో ఒక ద్వారం లోపల లభించేవే. ద్వారం వద్ద ఆగిపోయినవారికి వీటిలో ప్రతి ఒక్కటీ మరొకరి తీరికపై ఆధారపడి ఉంటుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు ఉన్నారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీరి సంఖ్య 22 లక్షల 66 వేలకు పైబడి ఉన్నది. మెట్లు ఎక్కలేనివారు వీరు మాత్రమే కారు. మోకాళ్ల నొప్పులతో బాధపడే వృద్ధులు, నిండు గర్భిణులు, కాలు విరిగి కట్టుతో ఉన్నవారు కూడ ఈ కోవలోనివారే. బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడిన నిజాం చక్కెర కర్మాగారంలో 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించబడినది. ఒకప్పుడు అక్కడ మూడు షిఫ్టులలో మెట్లు, నిచ్చెనలు ఎక్కి దిగిన కార్మికులు నేడు వృద్ధాప్యంలో బ్యాంకు మెట్ల ముందు ఆలోచించి అడుగు వేయవలసిన స్థితికి వస్తున్నారు. (ఇటీవలి సంవత్సరాలలో ‘దివ్యాంగులు’ అనే పదం కూడ వాడుకలోనికి వచ్చినది. ఈ వ్యాసంలో పాఠకులకు చిరపరిచితమైన ‘వికలాంగులు’ అనే పదమే ఉపయోగించబడినది.)

అంగుళం ఎత్తుకు అడుగు పొడవు

వాలుదారి (ర్యాంపు) నిర్మాణంలో గుర్తుంచుకొనవలసిన లెక్క ఒక్కటే. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండవలెను. మీటర్లలో చెప్పినపుడు ఇది మనసుకు వెంటనే పట్టదు గాని అడుగులు, అంగుళాలలో పని చేసే మన మేస్త్రీలకు ఇంతకంటే సులభమైన లెక్క మరొకటి లేదు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. మూడు మెట్లు, అనగా 18 అంగుళాలు, ఉన్నచో వాలుదారి 18 అడుగులు ఉండవలెను. నాలుగు మెట్లకు 24 అడుగులు, అయిదు మెట్లకు 30 అడుగులు. ఏకధాటిగా సాగే వాలు 30 అడుగులు, అనగా సుమారు 9 మీటర్లు, మించరాదు. అది మించినచో నడుమ 5 అడుగుల పొడవున చదును విడిచి పెట్టవలెను. అక్కడ చక్రాల కుర్చీని నిలిపి ఊపిరి పీల్చుకొనవచ్చును. ఎత్తు రెండున్నర అడుగులు దాటిన చోట పన్నెండుకు బదులు పదిహేను వంతుల పొడవుతో, మరింత తక్కువ వాలుతో కట్టుట మేలు.

ఈ నిష్పత్తి ఎవరో తోచినట్లు వ్రాసిన అంకె కాదు. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో తిమోతీ న్యూజెంట్ ఆధ్వర్యంలో జరిగిన పరిశోధనల ఆధారంగా 1961లో వెలువడిన తొలి జాతీయ ప్రమాణంలో ఇది చోటు చేసుకొన్నది. తరువాత అనేక దేశాలు స్వీకరించినవి. దీని వెనుక ఉన్న బలం లెక్క కూడ సులభమైనదే. కుర్చీతో కలిపి 90 కిలోల బరువును పన్నెండుకు ఒకటి వాలుపై నిలిపి ఉంచుటకు సుమారు ఏడున్నర కిలోల బలం సరిపోతుంది. అదే బరువును నాలుగుకు ఒకటి వాలుపై నిలుపుటకు దాదాపు 22 కిలోల బలం కావలెను. రెండు చేతులతో చక్రాలు త్రిప్పుకొనే వ్యక్తికి మొదటిది సాధ్యం. రెండవది సాధ్యం కాకపోగా కుర్చీ వెనుకకు తిరగబడే ప్రమాదం కూడ ఉన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. మన పట్టణాలలో ‘ర్యాంపు’ అనగానే గుర్తుకు వచ్చేది ఇంటి ముందు మోరీపై పోసిన సిమెంటు దిమ్మె. స్కూటరు లోనికి ఎక్కించుటకు వేసుకొన్న ఆ దిమ్మె వాలు మూడుకు ఒకటి, నాలుగుకు ఒకటి ఉంటుంది. యంత్రం ఎక్కగలదు గనుక అది చాలును. కార్యాలయానికి ర్యాంపు కట్టమని చెప్పినపుడు కూడ పలుచోట్ల మేస్త్రీ అలవాటు చొప్పున అదే దిమ్మెను మెట్ల ప్రక్కన పోసి వెళ్తున్నాడు. ‘ర్యాంపు కలదు’ అని నివేదికలో నమోదు అవుతున్నది. దానిపై చక్రాల కుర్చీ ఎక్కదు. లేనిదానికంటే ఇది హానికరమని చెప్పవచ్చును. ఏలయనగా ‘లేదు’ అని వ్రాసిన చోట రేపు నిధులు మంజూరు కావచ్చును, ‘కలదు’ అని వ్రాసిన చోటికి ఎవ్వరూ తిరిగి రారు.

వాలు సంగతి బోధన్ ప్రాంత రైతులకు క్రొత్త విషయమేమీ కాదు. చెరకు నిండుగా వేసిన బండి నిజాంసాగర్ కాలువ కట్టను నిటారుగా ఎక్కదు. కట్ట వెంబడి ఏటవాలుగా, దూరం ఎక్కువైనను, బాట తీసి ఎక్కిస్తారు. ఎద్దుల కొరకు చేసిన ఈ ఆలోచననే మనిషి కొరకు కార్యాలయం ముందు చేయవలసి ఉన్నది.

వెడల్పు విషయంలో వాలుదారి కనీసం 4 అడుగులు ఉండవలెను. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రజోపయోగ భవనాలకు 6 అడుగుల (1800 మి.మీ.) వెడల్పును నిర్దేశించినది. ఇరువైపులా రెయిలింగు ఉండవలెను. అది కూడ రెండు వరుసలలో ఉన్నచో నిలబడి నడిచేవారికి, కుర్చీలో కూర్చున్నవారికి, పిల్లలకు అందుతుంది. వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట రెయిలింగు ఒక అడుగు ముందుకు సాగి ఉండవలెను. గోడ లేని ప్రక్కన చక్రం జారిపోకుండా మూడు అంగుళాల గట్టు కట్టవలెను. వాలు పైకి చేరిన తరువాత తలుపు ముందు చదును స్థలం తప్పనిసరి. ఈ చదును లేని చోట ఒక చేతితో కుర్చీని వాలుపై ఆపి, రెండవ చేతితో తలుపు లాగవలసి వస్తున్నది. బయటికి తెరుచుకొనే తలుపైనచో అదే మనిషిని క్రిందికి నెట్టివేస్తుంది. తలుపు తెరిచినపుడు లభించే నికరమైన వెడల్పు 3 అడుగులు (900 మి.మీ.) ఉండవలెను. రెండు రెక్కల తలుపులో ఒక రెక్కకు ఎల్లప్పుడూ గడియ వేసి ఉంచుట మన కార్యాలయాలలో సాధారణం. అట్టి తలుపు కొలతలో నాలుగు అడుగులు, వాడుకలో రెండు అడుగులు.

గడప, మోరీ, నల్లరేగడి

తెలుగువారి ఇండ్లలో గడప పవిత్రమైనది. పసుపు రాసి, కుంకుమ పెట్టే ఆ గడపను తొలగించమని ఎవ్వరూ కోరరు. అయితే జిల్లాలో అనేక చిన్న కార్యాలయాలు, ఆసుపత్రులు, ట్యూషను కేంద్రాలు పూర్వం నివాసగృహాలుగా కట్టిన అద్దె భవనాలలో నడుస్తున్నవి. అక్కడి గడప మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది. ప్రమాణాల ప్రకారం ద్వారం వద్ద అరంగుళం (12 మి.మీ.) మించిన ఎత్తు ఉండరాదు. చక్రాల కుర్చీ ముందరి చిన్న చక్రాలు అంతకంటే ఎత్తును దాటలేవు. ఇందుకు గడపను కోయవలసిన పని లేదు. మూడు అంగుళాల గడపకు ఇటు మూడు అడుగులు, అటు మూడు అడుగుల చెక్క వాలుపలకలు రెండు అమర్చినచో సరిపోతుంది. ఒక వడ్రంగి ఒక పూటలో చేయగల పని ఇది.

వీధులలో మరొక సమస్య కలదు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు మట్టం పెరుగుతుంది. రోడ్డు నీరు లోనికి వస్తున్నదని యజమాని తదుపరి భవనం బేస్‌మెంటును మరింత ఎత్తున కడతాడు. రెంటి నడుమ మోరీ, మోరీపై బండలు. ఆ బండల మధ్య సందులో చక్రాల కుర్చీ ముందరి చక్రం ఇరుక్కొంటుంది, అంధుని చేతికర్ర దిగబడుతుంది. కనుక సౌకర్యం తలుపు నుండి గాక రోడ్డు అంచు నుండి మొదలు కావలెను. మోరీపై ఒకే మట్టంలో స్లాబు వేయవలెను. ఇనుప జల్లెడ వేసినచో దాని సందులు అరంగుళం మించకుండా, నడిచే దిశకు అడ్డంగా ఉండవలెను.

నిజాంసాగర్ ఆయకట్టులోని నల్లరేగడి నేలలలో వాలుదారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ఈ నేల వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకొని పగుళ్లిస్తుంది. భవనానికి లోతైన పునాది ఉంటుంది. తరువాత జోడించిన వాలుదారికి పునాది ఉండదు. గోడ ప్రక్కన వదులుమట్టి నింపి, దానిపై కాంక్రీటు పరుస్తారు. రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి వాలుదారి క్రుంగి, భవనానికి దానికి నడుమ ఒకటి రెండు అంగుళాల మెట్టు ఏర్పడుతుంది. మొదట కొలతలు సరిగా ఉన్న వాలుదారి సైతం ఈ విధంగా నిరుపయోగమవుతున్నది. నల్లమట్టిని తగినంత లోతు తీసివేసి మొరం నింపి, పొరలు పొరలుగా నీరు పెట్టి దిమ్మిస కొట్టిన తరువాతనే కాంక్రీటు వేయుట, వాలుదారి అంచుగోడలకు కూడ పునాది తీయుట అవసరం. అంచనాలు తయారు చేసే ఇంజనీర్లు ఈ పద్దును తగ్గించరాదు.

ఉపరితలం గరుకుగా ఉండవలెను. నునుపు పట్టిన తాండూరు, షాబాదు బండలు ఇంటి లోపల చల్లగా, అందంగా ఉంటాయి. వానలో తడిసిన వాలుపై అవే ప్రమాదకరం. నునుపు పట్టని బండలైనచో పరవచ్చును. అన్నిటికంటే చౌకైనది, నమ్మదగినది పచ్చిగా ఉన్న కాంక్రీటుపై వాలుకు అడ్డంగా చీపురుతో గీతలు గీయించుట.

మూడు చక్రాల బండి ఎక్కడ నిలపాలి?

ప్రమాణ గ్రంథాలు చక్రాల కుర్చీని దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినవి. మన గ్రామాలలో వికలాంగులు అధికంగా ఉపయోగించేది చేతితో త్రిప్పే మూడు చక్రాల బండి. ఇటీవల ప్రక్క చక్రాలు అమర్చిన స్కూటర్లు కూడ పెరిగినవి. ఇవి చక్రాల కుర్చీ కంటే పొడవైనవి, తిరుగుటకు ఎక్కువ స్థలం కోరేవి. కార్యాలయ గదిలోనికి ఇవి రావు. కాబట్టి వాలుదారి సక్రమంగా కట్టినప్పటికీ, బండి దిగిన వ్యక్తి దానిపై ప్రాకుతూ వెళ్లవలసిన పరిస్థితి మిగిలి ఉంటుంది. నిజామాబాద్ జిల్లాలో మే నెల ఎండలకు కాగిన కాంక్రీటుపై అరచేతులు ఆనించుట ఎట్టిదో ఊహించవచ్చును.

ఇందుకు చేయవలసిన ఏర్పాటు చిన్నదే. వాలుదారి మొదట్లో, నీడపట్టున, మూడు చక్రాల బండి నిలుపుటకు స్థలం కేటాయించి గుర్తు వేయవలెను. దాని ప్రక్కన కార్యాలయపు చక్రాల కుర్చీ ఒకటి ఉంచవలెను. బండి సీటు నుండి కుర్చీకి మారుటకు పట్టుకొనే కడ్డీ ఒకటి నాటవలెను. కుర్చీని స్టోరు గదిలో తాళం వేసి ఉంచినచో, తాళపుచెవి అడుగుటకు లోనికి వెళ్లవలసి వస్తుంది. లోనికి వెళ్లలేకనే గదా కుర్చీ కావలసి వచ్చినది!

వాలుదారి పైన, క్రింద మోటారు సైకిళ్లు నిలుపుట, పూలకుండీలు పెట్టుట, పశువులు రాకుండా అడ్డుగొట్టాలు పాతుట వలన కట్టిన సౌకర్యం మూతపడుతున్నది. పశువుల కొరకు వేసిన అడ్డు పశువును ఎంతవరకు ఆపుతున్నదో గాని చక్రాల కుర్చీని మాత్రం తప్పక ఆపుతున్నది.

డిచ్‌పల్లి నుండి నేర్చుకొనదగినది

నిజామాబాద్‌కు సమీపంలోని డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల కొరకు విక్టోరియా ఆసుపత్రిని ప్రారంభించారు. దీని స్థాపనకు రాజా నర్సాగౌడ్ విరాళం ఇచ్చారు. వైకల్యంతో జీవించేవారికి ఆశ్రయమిచ్చిన సంస్థ ఈ ప్రాంతంలో నూరేండ్లకు పూర్వమే వెలసినదన్నమాట. కుష్ఠువ్యాధి నేడు బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతున్నది. అయితే వ్యాధి వలన దెబ్బతిన్న నరాలకు స్పర్శ తిరిగి రాకపోవచ్చును. కుష్ఠు నుండి కోలుకొన్నవారిని 1995 చట్టం, 2016 చట్టం రెండూ వికలాంగుల జాబితాలో చేర్చినవి.

ప్రవేశ ద్వారాల రూపకల్పనలో వీరిని తలచుకొనేవారు అరుదు. ఎండలో ఉన్న స్టీలు రెయిలింగును ఆరోగ్యవంతుడు పట్టుకొనగానే వదిలివేస్తాడు. అరచేతిలో స్పర్శ లేని వ్యక్తి చివరి వరకు పట్టుకొనే నడుస్తాడు. చేయి కాలిన సంగతి ఇంటికి వెళ్లిన తరువాత బొబ్బ చూచినపుడు తెలుస్తుంది. పాదాలలో స్పర్శ లేనివారికి పగిలిన టైలు అంచు, పైకి లేచిన ఇనుప చువ్వ, వాలుపై మిగిలిన కంకర ముక్క ఇట్లే గాయం చేస్తాయి. ఆ గాయం పుండై, పుండు వేలును పోగొట్టవచ్చును. వాలుదారిపై కప్పు వేయుట, రెయిలింగుకు కర్ర గాని ప్లాస్టిక్ తొడుగు గాని వేయుట, అంచులు గుండ్రంగా చేయుట – ఈ మూడూ వీరి కొరకు అవసరం. వేసవిలో 45 డిగ్రీల ఎండ చూచే ఈ జిల్లాలో ఇవి అందరికీ ఉపకరిస్తాయి.

చూపు లేనివారికి, వినికిడి లేనివారికి

అంధులకు మెట్లు స్వతహాగా అవరోధం కావు. మెట్లు ఎక్కడ మొదలవుతున్నవో తెలియకపోవుట అవరోధం. మెట్లకు, వాలుకు ఒక అడుగు ముందుగా ఉబ్బెత్తు చుక్కల పలకలు పరచినచో పాదానికి, చేతికర్రకు హెచ్చరిక అందుతుంది. పసుపు రంగు పలకలు మసకచూపు గలవారికి కూడ కనిపిస్తాయి. ఈ పలకల వరుసను గోడకు, చెత్తడబ్బాకు చేర్చి ముగించిన సందర్భాలు లేకపోలేదు. పరచిన తరువాత అంధుడైన ఒక వ్యక్తిని పిలిచి నడిపించి చూచుట ఉత్తమం. అద్దాల తలుపులపై కంటి ఎత్తున రంగు పట్టీ అంటించవలెను. వినికిడి లేనివారికి వ్రాతపూర్వకమైన సూచికలే ఆధారం. నిజామాబాద్, బోధన్‌లలో ఈ బోర్డులు తెలుగుతో పాటు ఉర్దూలో కూడ ఉండి, చదువురానివారి కొరకు బొమ్మ గుర్తులు కలిగి ఉండవలెను. ప్రధాన ద్వారం వద్ద వాలుదారి లేనిచో అది ఏ వైపున ఉన్నదో తెలిపే బాణం గుర్తు మెట్ల వద్దనే, రోడ్డు నుండి కనిపించేటట్లు ఉండవలెను.

పాఠశాలలు, పోలింగు కేంద్రాలు

2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలులో పాఠశాల భవనానికి అవరోధరహిత ప్రవేశం ఉండవలెనని కలదు. గ్రామాలలో పాఠశాల భవనాలే ఎన్నికల సమయంలో పోలింగు కేంద్రాలు. కావున పాఠశాలకు కట్టిన వాలుదారి రెండు తరాలకు ఉపయోగపడుతుంది. 2004 సార్వత్రిక ఎన్నికల సమయంలో సుప్రీంకోర్టు పోలింగు కేంద్రాలలో వాలుదారులు ఏర్పాటు చేయవలెనని ఆదేశించిన పిదప, కనీసం చెక్కతో చేసిన తాత్కాలిక ఏర్పాట్లైనా వాడుకలోనికి వచ్చినవి.

నిజామాబాద్ లోక్‌సభ నియోజకవర్గం ఈ విషయంలో విలక్షణమైన అనుభవం చూచినది. పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేయడంతో 2019 ఏప్రిల్ 11న జరిగిన ఎన్నికలో 185 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. ప్రతి పోలింగు కేంద్రంలో 12 బ్యాలెటు యూనిట్లు అమర్చవలసి వచ్చినది. ఒకే బల్లపై ఒకే యూనిట్ ఉండే గదిలో చక్రాల కుర్చీ త్రిప్పుట వేరు, పన్నెండు యూనిట్లు పరచిన గదిలో త్రిప్పుట వేరు. తలుపు దాటిన తరువాత కుర్చీ గుండ్రంగా తిరుగుటకు 5 అడుగుల వ్యాసం గల ఖాళీ ఉండవలెనన్న నియమం ఇటువంటి సందర్భాలకు ఉద్దేశించినదే. 2023 శాసనసభ ఎన్నికలలో 40 శాతం, ఆపై వైకల్యం గలవారికి ఇంటి నుండి ఓటు వేసే వెసులుబాటు కల్పించబడినది. ఇది కోరుకొన్నవారికి మాత్రమే. వరుసలో అందరితో నిలిచి ఓటు వేయదలచినవారికి వాలుదారి ఉండవలసినదే.

చట్టం ఏమి నిర్దేశిస్తున్నది

1995 వికలాంగుల చట్టం 46వ సెక్షను ప్రజా భవనాలలో, ఆసుపత్రులలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వాలుదారులు ఏర్పాటు చేయవలెనని చెప్పినది. అయితే ‘ఆర్థిక శక్తి, అభివృద్ధి పరిమితులకు లోబడి’ అన్న షరతు జోడించినది. నిధుల కొరత అనే సమాధానానికి ఆ షరతు చాలాకాలం ఆశ్రయమిచ్చినది. ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించినది. దానికి అనుగుణంగా రూపొందిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది.

ఈ చట్టంలో ప్రజాభవనం అనగా ప్రభుత్వ భవనం మాత్రమే కాదు. ప్రజలు ఉపయోగించే ప్రైవేటు భవనాలు – ఆసుపత్రులు, దుకాణ సముదాయాలు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా స్థలాలు సైతం – ఇందులో చేరి ఉన్నవి. 44వ సెక్షను ప్రకారం ప్రమాణాలు పాటించని ప్లానుకు నిర్మాణ అనుమతి గాని, పూర్తయిన భవనానికి ధ్రువపత్రం గాని ఇవ్వరాదు. 45వ సెక్షను పాత ప్రజాభవనాలను నియమావళి వెలువడిన అయిదేండ్లలో సరిచేయవలెనని గడువు విధించినది. నియమావళి 2017 జూన్ 15న వెలువడినది గనుక ఆ గడువు 2022 జూన్‌తో తీరినది. ఉల్లంఘనకు మొదటిసారి 10 వేల రూపాయల వరకు, తదుపరి 50 వేల నుండి 5 లక్షల రూపాయల వరకు జరిమానా కలదు.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందులో కీలకమైనది. నియమావళిలోని 15(1)వ నిబంధన ప్రమాణాలను సూచనలుగానే ఉంచినదని, చట్టం కోరేది తప్పనిసరి ప్రమాణాలని న్యాయస్థానం పేర్కొన్నది. విధిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను వేరుగా మూడు నెలలలో రూపొందించవలెనని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది. ఈ తీర్పుకు ఆధారంగా నిలిచిన అధ్యయన నివేదికను తయారు చేసినది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రం కావడం తెలుగువారు గమనించదగిన విషయం.

ఉన్న భవనాలలో ఏమి చేయవచ్చును

క్రొత్త భవనానికి సౌకర్యం కల్పించుట సులభం. బేస్‌మెంటు ఎత్తు నిర్ణయించే రోజుననే వాలుదారి పొడవు కూడ నిర్ణయమవుతుంది గనుక స్థలం అప్పుడే విడువవలెను. 2022 సెప్టెంబరు 5న ప్రారంభించబడిన నిజామాబాద్ సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయం వలె అనేక శాఖలు ఒకే ప్రాంగణంలోనికి చేరినపుడు ఒక ద్వారం, ఒక లిఫ్టు సరిగా ఉన్నచో అన్ని శాఖలూ అందుబాటులోనికి వస్తాయి. ఆ ఒక్కటీ చెడిపోయిన నాడు అన్నీ దూరమవుతాయి. లిఫ్టు నిర్వహణను ఈ దృష్టితో చూడవలెను.

కష్టమైన సంగతి పాత పట్టణానిది. ప్రైవేటు ఆసుపత్రులు దట్టంగా ఉన్న ఖలీల్‌వాడి వంటి ప్రాంతాలలో స్థలం కొరత తీవ్రం. సగం లోతున సెల్లారు త్రవ్వి, దానిపై నాలుగు అడుగుల ఎత్తున మొదటి అంతస్తు నేలను నిలిపిన భవనానికి పన్నెండుకు ఒకటి చొప్పున 48 అడుగుల వాలు, పదిహేనుకు ఒకటి చొప్పున 60 అడుగుల వాలు కావలెను. రోడ్డుకు తలుపుకు నడుమ పది అడుగులు లేని చోట ఇది జరిగే పని కాదు. అట్టి చోట రెండు మూడు మలుపులతో వాలు కట్టుట, ప్రక్కసందు వైపు ద్వారం తెరచుట, లిఫ్టును సెల్లారు మట్టంలో కూడ ఆగునట్లు చేసి సెల్లారుకు మంచి వాలుదారి వేయుట, లేదా మనిషిని కుర్చీతో సహా నాలుగు అడుగులు పైకి లేపే చిన్న ఎత్తుబల్ల అమర్చుట – వీటిలో ఏదో ఒకటి సాధ్యపడుతుంది. ఏదీ సాధ్యం కాని అద్దె భవనంలో ప్రభుత్వ కార్యాలయం ఉన్నచో, అద్దె ఒప్పందం ముగిసినపుడు మరొక భవనం చూచుకొనుటయే మార్గం. క్రొత్త ఒప్పందానికి ముందు తనిఖీలో గదుల సంఖ్యతో పాటు మెట్ల సంఖ్య కూడ వ్రాయవలెను.

తనిఖీకి వెళ్లే అధికారి వద్ద ఉండవలసినవి ఒక టేపు, ఒక లెవెల్ పైపు. మొదట రోడ్డు అంచు నుండి ద్వారపు నేలమట్టం వరకు ఎత్తును అంగుళాలలో కొలవవలెను. తరువాత వాలుదారి పొడవును అడుగులలో కొలవవలెను. రెండవ అంకె మొదటి అంకె కంటే తక్కువ ఉన్నచో ఆ భవనానికి ‘ర్యాంపు కలదు’ అని వ్రాయరాదు. వీలైనచో చక్రాల కుర్చీ వాడే వ్యక్తిని వెంట తీసుకొని వెళ్లి, రోడ్డు నుండి కౌంటరు వరకు ఎవరి సాయం లేకుండా వెళ్లగలిగినదీ లేనిదీ నమోదు చేయవలెను.

ప్రవేశ సౌకర్యం లేని భవనాల విషయంలో పౌరులు ఆయా సంస్థ అధిపతికి, పట్టణాలలో నగరపాలక లేదా పురపాలక కమిషనరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయవచ్చును. ప్రతి సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వవచ్చును. పరిష్కారం లభించనిచో 2016 చట్టం ప్రకారం నియమితులయ్యే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేసే హక్కు కలదు. దరఖాస్తులో భవనం పేరు, మెట్ల సంఖ్య, మొత్తం ఎత్తు, వాలుదారి ఉన్నచో దాని పొడవు పేర్కొని, సాధ్యమైనచో ఛాయాచిత్రం జతపరచవలెను. దరఖాస్తుదారు స్వయంగా రాలేని పక్షంలో కుటుంబ సభ్యుల ద్వారా గాని, పోస్టు ద్వారా గాని పంపవచ్చును.